తెల్లచీరల ఆదివారం

అమ్మ కొడవలి నూరుతోంది. గడప పక్కన తడిపిన రాయి, దాని మీద ముందుకూ వెనక్కూ ఒకే తీరుగా కొడవలి. మధ్యమధ్య బొటనవేలితో అంచు తడిమి చూస్తుంది. సరిగా రాలేదనిపిస్తే రాయి మీద మళ్లీ నాలుగు చుక్కలు చల్లుతుంది. మూసీ ఒడ్డు గడ్డి చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ కాడ గట్టిది. మొద్దు కొడవలితో కోస్తే వేరుతో సహా ఊడొస్తుంది. వేరు ఊడిన చోట మళ్లీ మొలవదు. అందుకే నాచారంలోని మా బస్తీలో ఎవరింట్లో ఏది లేకపోయినా నూరే రాయి ఉంటుంది.

నేను సద్ది కడుతున్నాను. అమ్మ అప్పటికే పనిబట్టలు వేసుకుంది. పాత చీర, దాని మీద మా అన్న నతానియేలు వాడి వదిలేసిన నిండుచేతుల చొక్కా. గడ్డి ఆకు అంచు చేతుల్ని గీరేస్తుంది. ఆ గీతల మీద మూసీ మురికినీళ్లు పడితే మంట. కోతకు పోయే ఆడవాళ్లమందరం చీర మీద ఇంట్లో మగవాళ్ల చొక్కాలు తొడుక్కునే పోతాం.

పక్కింటి దోర్కా వచ్చి గడప ముందు నిలబడింది. మా అందరికంటే ముందు చేనికి పోయేది ఆమే, అందరికంటే ముందు మాట్లాడేదీ ఆమే. ఆ పొద్దు చేను దాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"నూరుడు ఆపు సువార్తక్కా. కోసెతందుకు చేను లేదు."

"పొద్దుగాలనే ఏం పరాచికాలే నీకు," అంది అమ్మ, తల ఎత్తకుండానే.

"పరాచికం గాదు. గేటు వెట్టిన్రు. అబ్బయ్య మామను నూకేసిన్రు. కాలువల పడ్డడు."

రాయి మీద చప్పుడు ఆగిపోయింది.

మేము పోయేసరికి అబ్బయ్య మామ కాలువ గట్టు మీద కూచుని ఉన్నాడు. మాలో అందరికంటే పెద్దవాడు. ఒంటి నిండా నల్లటి బురద. ఎడమ చెయ్యి కదలడం లేదు. కొత్త ఇనుప గేటు ముందు ఇద్దరు కుర్రవాళ్లు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. మా ముఖాలు చూడకుండా ఫోన్లు చూసుకుంటున్నారు. మామ కోసి పెట్టుకున్న గడ్డిమోపు కాలువలో సగం మునిగి, నీళ్లతో పాటు మెల్లగా పోతోంది.

"నేనడిగింది ఒక్కటే బిడ్డా," అన్నాడు మామ. "నిన్న కోసిన మోపు లోపలున్నది, తెచ్చుకుంట అన్న. మోపు గావాల్నా అని, ఒకడు దాన్ని తెచ్చి నీళ్లల్లేసిండు. దాని ఎనక నన్ను."

గేటుకు బోర్డు కట్టి ఉంది. చదువుకున్నదాన్ని నేనే కాబట్టి అందరికీ వినబడేటట్టు చదివాను. ఈ భూమి ప్రకృతి సంరక్షణలో ఉంది, లోపలికి ప్రవేశం లేదు అని. బోర్డు వెనక, గడ్డి మధ్యలో, వరసగా మొక్కలు. అవి మేము నాటినవే.

నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలకూ అక్కలకూ, హాస్టళ్లలో చదువుకుంటున్న చెల్లెళ్లకూ ఆ నేల సంగతి చెప్పాలి. ఉప్పల్ దాటి దిగువకు పోతే, మెట్రో స్తంభాలు వెనకబడే చోట, మూసీ ఒడ్డున ఉంటుందది. మా నాన్నా, అబ్బయ్య మామా ఊరు విడిచి వచ్చిన కొత్తలో అది ఉత్త సర్కారు తుమ్మల అడవి. వాళ్లు తుమ్మ నరికారు. మొద్దులు తవ్వారు. నది నుంచి పిల్లకాలువ తీశారు. గడ్డికాడలు తెచ్చి బురదలో పాదంతో తొక్కి నాటారు. నాన్న పోయాడు గానీ ఆయన తొక్కిన గడ్డి పోలేదు. కోసిన కొద్దీ వస్తూనే ఉంది. నాచారం చెరువు వెనక బర్ల కొట్టాలన్నీ ఆ గడ్డి మీదే బతుకుతాయి. పన్నెండు కుటుంబాలం దాని మీదే బతికాం. కాగితం మీద మాత్రం ఆ నేల పరంధామయ్యది. కౌలు ఏనాడూ ఆపలేదు మేము.

పరంధామయ్య మా పెళ్లిళ్లకు వచ్చేవాడు, మా బంతిలో కూచుని తినేవాడు. 'పటేలా' అంటే కోప్పడేవాడు. "నేను మీకు పటేలునా? మామ అనుండ్రి," అనేవాడు. నాన్న పోయినప్పుడు చెప్పులు విడిచి సమాధుల తోట దాకా నడిచి వచ్చాడు. అది బస్తీలో ఎవరూ మరిచిపోలేదు. అందుకే గేటు చూశాక కూడా మా కాళ్లు పోలీసుల దగ్గరకు పోలేదు. నాచారం పెద్దరోడ్డు మీది ఆయన ఇంటికే పోయాయి. పరంధామయ్య మామకు ఈ సంగతి తెలిసి ఉండదు అనుకున్నాం.

మమ్మల్ని తీసుకుపోయింది మా అన్నే. అన్నకు ట్రాలీ ఆటో ఉంది. కోసిన గడ్డి కొట్టాలకు చేరవేసేది అదే. గడ్డికోతల సంఘం పెట్టిందీ, జెండా కుట్టించిందీ, మీటింగుల్లో మాట్లాడేదీ అన్నే. ఆ రోజు మమ్మల్ని ఆయన ఇంటి ముందు దింపి, తను లోపలికి రాలేదు. బండి ఇంజను ఆపకుండా రోడ్డు మీదే కూచున్నాడు. నేను చూశాను. బండి మొరాయిస్తోందేమో అనుకున్నాను.

పరంధామయ్య వరండాలోకి వచ్చి ముందు చాయ్ తెమ్మన్నాడు.

"చాయ్ తర్వాత," అంది దోర్కా. "గేటెందుకు మామా?"

"గేటు నాది గాదు బిడ్డా, సర్కారుది. నది ఒడ్డు భూములు దున్నొద్దు, కొయ్యొద్దు, చెట్లు పెంచి ఇడిసిపెట్టుండ్రి అంటున్నది సర్కారు. ఇడిసిపెట్టినందుకు భూమి ఉన్నోళ్లకు ఏటేటా ఇంతని ఇస్తది. నదికి మంచిది. మనకు మంచిది."

"మనకంటే ఎవలకు?"

పరంధామయ్య నవ్వాడు. "దోర్కా, నీ నోటికి తాళమేసెటోడు ఇంకా పుట్టలే." తర్వాత గొంతు తగ్గించి, పెద్దమనిషి తీరుగా అన్నాడు. "భూమికి గూడ ఇశ్రాంతి గావాలె. ఏడో యేడు భూమిని పడావు పెట్టాలని మీ మందిరంలనే చెప్తరట గద. నతానియేలే చెప్పిండు నాకు."

అప్పటిదాకా నోరు విప్పని అమ్మ ముందుకు జరిగింది.

"చెప్తరు. పడావు పెట్టిన యేడు దానంతట అది మొలిసింది పేదోళ్లు తినాలెనని గూడ చెప్తరు. గది చెప్పలేదా నా కొడుకు?"

ఆయన నవ్వు సగంలో ఆగింది. "సువార్తమ్మా, నువ్వు గూడ గిట్ల మాట్లాడితే ఎట్ల?"

"ఎట్ల మాట్లాడాలె పటేలా?"

ఎన్నేళ్ల తర్వాతో ఆ మాట ఆ వరండాలో పడింది. ఆయన దాన్ని సవరించలేదు. మేము లేచి వచ్చేశాం. చాయ్ గ్లాసులు అట్లాగే ఉన్నాయి, ఒక్కరూ ముట్టలేదు.

మరునాడు ఆఫీసుకు పోయాం. ఆ పథకం చూసే అధికారి పేరు బిందుమాధవి. కోస్తా మాట. కసురుకోలేదు, కుర్చీలు వేయించింది.

"కౌలు సాగు ఉన్న భూమైతే సాగు చేసేవాళ్ల ఒప్పుకోలు కావాలండి. వచ్చే డబ్బులో వాళ్లకీ భాగం ఉండాలి. అది నిబంధన," అంది. "కానీ అక్కడ అసలు సాగే లేదని యజమాని వీడియో ఇచ్చారు. చూడండి."

కంప్యూటరు మా వైపు తిప్పింది. పైనుంచి, ఎగిరే కెమెరాతో తీసిన బొమ్మ. పచ్చటి గడ్డి మధ్యలో తెల్లగా, కొంగలు వాలినట్టు, మేము. వంగుతున్నాం, లేస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం.

"వీళ్లు ఎవరో ప్రార్థనా మందిరం వాళ్లు. ఆదివారం వచ్చి, సేవగా మొక్కలు నాటి వెళ్లారు. ఇందులో సాగుదారులెక్కడున్నారు?"

"గా మూలకు వంగింది నేనే మేడం," అంది దోర్కా. "నా నడుము నాకెరుక లేదా?"

బిందుమాధవికి నవ్వు వచ్చింది, ఆపుకుంది. "మీరేనేమో. మరి కొడవలేది? మోపేది? తెల్లచీర కట్టుకుని ఎవరైనా గడ్డి కోస్తారా అమ్మా?"

ఆమె కంప్యూటరు మళ్లీ తన వైపు తిప్పుకుంది.

"శనివారం నేనే చేను చూడటానికి వస్తున్నాను. అప్పుడు సాగు కనబడితే కనబడిందని రాస్తాను. లేకపోతే ఫైలు ఖరారవుతుంది. ఖరారైతే పదేళ్ల దాకా ఆ నేలలో కొడవలి పెట్టడానికి లేదు. ఎవరికైనా సరే."

ఆఫీసు మెట్లు దిగుతుంటే నాకు ఆ ఆదివారం ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చింది.

మా ఇళ్లల్లో ఆదివారం కొడవలి ముట్టం. శనివారం సాయంత్రమే కడిగి, గుడ్డ చుట్టి, అటక మీద పెడతాం. సోమవారం పొద్దున గానీ దించం. ఊళ్లో తాతల నుంచి వచ్చిన పద్ధతి. పట్నం వచ్చాక చాలా పద్ధతులు పోయాయి, ఇది పోలేదు. వానాకాలంలో ఒక ఆదివారం ఆరాధన అయిపోగానే అన్న లేచి, పరంధామయ్య మామ చేన్లో చెట్లు పెడుతున్నాడు, చెట్లు పెట్టడం దేవుని పని, అందరూ రండి అన్నాడు. దేవుని పని అన్నాక పనిబట్టలెందుకు? ఆరాధనకు కట్టుకున్న తెల్లబట్టల్లోనే పోయాం. చేనికే పోతున్నాం గదా అని ఒక్కరు కూడా కొడవలి చెక్కుకుని రాలేదు. వేరే వాళ్లెవరైనా అయితే కొడవలి లేకుండా చేనికి పోయి ఉండరు. మా ఆదివారం ఎట్లా ఉంటుందో బాగా తెలిసినవాళ్లు ఆ రోజును ఎంచారు.

ఆ ముందురోజు చీరలు ఇస్త్రీ చేస్తుంటే అన్న నా వెనకే నిలబడి అన్న మాట కూడా గుర్తుకొచ్చింది. "మంచిగ చెయ్ మరియా. రేపు వీడియో దీస్తరు."

సాయంత్రం మందిరం ముందు మీటింగు. అబ్బయ్య మామ చేతికి కట్టు కట్టించుకుని వచ్చాడు. అన్న స్టూలెక్కి మాట్లాడుతున్నాడు. వినతిపత్రం ఇద్దాం అన్నాడు. పెద్ద సారును కలుద్దాం అన్నాడు. తొందరపడొద్దు అన్నాడు. పోరాటం అనే మాట చాలాసార్లు అన్నాడు, చేను అనే మాట ఒక్కసారీ అనలేదు.

శ్యామలమ్మ వచ్చి గుంపు వెనక నిలబడింది. చెరువు వెనక బర్ల కొట్టం ఆమెది. మా గడ్డి కొనేవాళ్లలో పాతామె.

"నతానియేలూ, నీ ఉపన్యాసం పచ్చగనే ఉన్నది గని నా బర్లు మెయ్యవు బిడ్డా."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వబోయాడు.

"నవ్వుడు గాదు. ఎండుగడ్డి వేస్తే మొఖం తిప్పుకుంటున్నయి. పాలు సగమైనయి. హోటలోడు రేపటి నుంచి రాకు అంటున్నడు. నేనేం జెయ్యాలె?"

నవ్వులు ఆగాక దోర్కా లేచింది. "అన్నీ తర్వాత మాట్లాడుదం. ఆనాడు తెల్లబట్టల మీదనే రమ్మన్నది ఎవలు?"

 అందరికీ తెలుసు. తెలిసిన మాటను నోట్లోంచి తీయడానికి ఎవరికీ మనసు రాలేదు. చివరకు అమ్మ అంది.

"నా కొడుకు."

అన్న స్టూలు దిగాడు. "అమ్మా..."

"నాకు గాదు. నలుగుట్ల చెప్పు."

"గింత అయితదని నాకు తెల్వదు," అన్నాడు అన్న. "చెట్లకు కావలి గావాలె, మనోళ్లనే పెట్టుకుంట అన్నడు. నెల జీతం, గుర్తింపు కార్డు. ఎన్నేండ్లు నిలబడుతరు ఆ మురికినీళ్లల్ల? మీ కాళ్లు మీరు సూసుకున్నరా? పుండ్లు వడ్డయి. మా నాయన ఎందుకు పోయిండు? నేను మీ మంచికే జేసిన."

ఆ మాటలో నిజం లేకపోలేదు. మా కాళ్లు ఎట్లా ఉంటాయో మాకు తెలుసు. కొందరు కిందికి చూసుకున్నారు.

"అందరికా? జీతం అందరికి అన్నడా?" అడిగింది దోర్కా.

"ముందుగాల నాకు. తర్వాత ఒక్కొక్కరికి."

"తర్వాత," అంది దోర్కా. "గీ తర్వాత అనే మాట మీద నాచారంల ఎన్ని బంగ్లాలు లేచినయో."

అబ్బయ్య మామ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మెల్లగా అన్నాడు. "మా కాళ్ల సంగతి మమ్ముల అడగాలె గద బిడ్డా. నువ్వు పటేలును అడిగినవు."

అన్న గుంపులో నుంచి దారి చేసుకుని, ట్రాలీ దగ్గరకు పోయాడు. ఎవరూ ఆపలేదు.  సంఘం జెండా ట్రాలీకే కట్టి ఉంది. అది కూడా దాంతో పాటే పోయింది.

తర్వాత వాదన మొదలయింది. పీకేద్దాం, మొక్కలన్నీ పీకి ఆయన గుమ్మం ముందు పోద్దాం అన్నారు కొందరు. అబ్బయ్య మామ ఒప్పుకోలేదు.

"మొక్కేం జేసింది? మనం పెట్టినం. మన చేతులతోని పెట్టినం. దాన్ని పీకితే వీళ్లు చెట్ల పగోళ్లు అని రాస్తరు. చెట్టుండనీ. చెట్టుకూ గడ్డికీ కొట్లాట లేదు. మనకూ పటేలుకూ ఉన్నది."

"మరెట్ల?"

"శనివారం పనిబట్టలతోని పోదం," అంది అమ్మ. "కొడవండ్లు పట్టుకొని. రోజు కోసినట్టే కోద్దం. మేడం ఏం జూడాలన్నదో గదే సూపిద్దం."

"నేను బర్లను తోలుకొస్త," అంది శ్యామలమ్మ. "కోసే చేతులను సూసినంక తినే నోర్లను గూడ సూడనీ."

శనివారం పొద్దున నాచారం నుంచి బయలుదేరాం. ముందు బర్లు, వెనక మేము, చీరల మీద చొక్కాలు, నడుముల్లో కొడవళ్లు. రాత్రి షిఫ్టు దిగి ఇళ్లకు పోతున్న ఫ్యాక్టరీ వాళ్లు ఆగి, ఏంది సంగతి అని అడిగి, కొందరు టిఫిను డబ్బాలతోనే మాతో నడిచారు. నలుగురైదుగురు హాస్టలు పిల్లలు కూడా కలిశారు. ఉప్పల్ చౌరస్తాలో బండ్లన్నీ ఆగిపోయాయి. పైన మెట్రో స్టేషను నుంచి జనం వంగి చూశారు.

"ఏందక్కా, ఊరేగింపా?" అన్నాడొక ఆటో అతను.

"బర్ల పెండ్లి," అంది దోర్కా. "కట్నం దెస్తవా, ఉత్తగనే తింటవా?"

చేను దగ్గరికి పోయేసరికి పోలీసు జీపు మాకంటే ముందే వచ్చి ఉంది. మా మీటింగు మాట ఎట్లా చేరిందో ఎవరూ అడగలేదు. గేటు ముందు మా అన్న నిలబడి ఉన్నాడు. కొత్త ఖాకీ చొక్కా, మెడలో కార్డు. మడతల గీతలు ఇంకా పోలేదు. అమ్మ అన్న ముందు ఒక్క క్షణం ఆగింది. అన్న అమ్మ ముఖం చూడలేదు. అమ్మ ఒంటి మీద ఉన్న తన పాత చొక్కాను చూశాడు.

"గేటు తియ్యం," అన్నాడు జీపు పక్కనున్న పోలీసాయన.

"తియ్యకుండ్రి," అన్నాడు అబ్బయ్య మామ. "కాలువకు గేటు లేదు గద."

ఆ పిల్లకాలువ ఆయన తవ్విందే. ఎక్కడ లోతో, ఎక్కడ గట్టు జారుతుందో ఆయనకు తెలుసు. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి పట్టుకుని ముందు తనే దిగాడు. వెనక మేమంతా దిగాం. మోకాళ్ల దాకా నల్లటి నీళ్లు. అవతల గట్టెక్కి, రోజూ కూచునే వరసలో గొంతుకూచున్నాం. ఎవరి మడి వాళ్లకు తెలుసు. కొడవళ్లు ఒక్కసారే కదిలాయి. పన్నెండు ఇళ్ల కొడవళ్లు గడ్డిలో పడితే వచ్చే ఆ చప్పుడు వినాలి మీరు. మొక్క అడ్డం వస్తే ఎడమచేత్తో పక్కకు పట్టుకుని, దాని చుట్టూ కోసి, మళ్లీ వదిలాం. ఒక్క ఆకు తెగలేదు.

బిందుమాధవి వచ్చింది పరంధామయ్య కారులో.

"వీళ్లు బయటోళ్లు మేడం," అన్నాడాయన దిగుతూనే. "ఎవలో రెచ్చగొట్టి తోలుకొచ్చిన్రు."

దోర్కా మోపు నెత్తికెత్తుకుని కాలువ గట్టు దాకా వచ్చి నిలబడింది. "మేడం, ఆనాడు కొడవలేది అన్నరు. గిదో. మోపేది అన్నరు. గిదో. ఇంకేమన్న గావాల్నా?" అని మోపు ఇవతలి గట్టుకు విసిరింది. శ్యామలమ్మ బర్రె ఒకటి తలుగు విడిపించుకుని వచ్చి, అధికారి చెప్పుల పక్కనే మూతి పెట్టి మేయడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ వాళ్లు చప్పట్లు కొట్టారు.

"బయటోళ్లు గింత మంది ఉన్నరు గని, పటేలా," అంది శ్యామలమ్మ, "నా బర్రె ఎవల గడ్డినో గుర్తువట్టింది సూడు."

బిందుమాధవి చాలాసేపు చేనును చూసింది. కోసిన వరసలను చూసింది, వాటి మధ్య నిటారుగా నిలబడ్డ మొక్కలను చూసింది. "చూశానమ్మా," అంది. "చూసింది రాస్తాను."

మేము గెలిచామనుకున్నాం. మా అమ్మ నవ్వింది. నాన్న పోయాక అమ్మ పళ్లు కనబడేటట్టు నవ్వడం నేను చూసింది అప్పుడే. తర్వాత బిందుమాధవి వచ్చిన కారులోనే ఎక్కింది. పరంధామయ్య ఆమె పక్కన కూచున్నాడు. కారు అద్దాలు పైకి లేచాయి.

ఆ కారు రోడ్డెక్కిందో లేదో, పోలీసులు కాలువ దాటి వచ్చారు. దోర్కాను జుట్టు పట్టి లేపారు. అడ్డం పోయిన అబ్బయ్య మామను ఆ కట్టు కట్టిన చేతినే పట్టి లాగారు. మామ అరవలేదు. నొప్పి బిగబట్టి, "కొయ్యుండ్రి, మీరు కొయ్యుండ్రి," అంటూ పోయాడు.

వాళ్లిద్దరినీ పెట్టిన ఠాణా ముందు సాయంత్రం దాకా కూచున్నాం. ఒక ఫ్యాక్టరీ అన్న అట్టముక్క మీద బొగ్గుతో రాసి పట్టుకున్నాడు, పడావుల మొలిసింది పేదోళ్లది అని. అమ్మ ఆనాడు వరండాలో అన్న మాట ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. చీకటి పడేముందు ఒక కానిస్టేబులు బయటికి వచ్చాడు. కొత్తగా చొరబడ్డ మనుషులే తప్ప పాత సాగు కనబడలేదని అధికారి రాసిచ్చిందన్నాడు. సంరక్షణలో ఉన్న మొక్కలను నరికినందుకు దోర్కా మీదా, మామ మీదా కేసు. రేపు ఆదివారం, సోమవారం దాకా ఏమీ కాదు, పొండి అన్నాడు.

"ఒక్క మొక్క నరకలేదు," అంది శ్యామలమ్మ. "సూసినోళ్లు ఇంత మందిమున్నం."

"నరికినట్టు సూసినోడు సాక్షి సంతకం వెట్టిండు. గా చేను కావలోడు. ఏదో పేరు... నతానియేలు."

అమ్మ లేచి, చీర దులుపుకుని, ఇంటి దారి పట్టింది. ఇంటికి వచ్చి కొడవలి కడిగింది. గుడ్డ చుట్టింది. శనివారం గదా, అటక మీద పెట్టింది.

ఆదివారం పొద్దున అన్న ఇంటికి వచ్చాడు. ఖాకీ చొక్కాతోనే మంచం మీద కూచున్నాడు. నేను అన్నం గిన్నె ఆయన ముందు పెట్టాను, ముట్టలేదు. అమ్మ స్నానం చేసి, ఆరాధనకు కట్టుకునే తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుంటోంది.

"పెట్టకుంటే నన్ను గూడ లోపలేస్తమన్నరు అమ్మా," అన్నాడు అన్న. "బెయిలు వస్తది. నేను మాట్లాడుత. పటేలు మాటిచ్చిండు."

అమ్మ జడ వేసుకుంది.

"నువ్వు వాళ్ల తోని తిరగకు. ఇయ్యాల కంచె స్తంభాలు పాతుతున్నరు. ఇయ్యాల మీరెవ్వరు రారని పటేలుకు ఎరుకే. రేపటి వరకు అంతా అయిపోతది. ఇగ కొట్లాడి ఏం ఫాయిద?"

మందిరం గంట మోగింది. అమ్మ అటక కిందికి స్టూలు జరిపి, ఎక్కి, గుడ్డ చుట్టిన కొడవలి దించింది.  అమ్మ గడప పక్కన కూచుని రాయి తడిపింది. తెల్లచీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్యకు దోపుకుని నూరడం మొదలుపెట్టింది. ముందుకూ వెనక్కూ, ఒకే తీరుగా. బొటనవేలితో తడిమి చూసింది. మళ్లీ నాలుగు చుక్కలు చల్లింది.

మేము పుట్టినప్పటి నుంచీ ఆదివారం బస్తీలో ఆ చప్పుడు లేదు. కాసేపటికి పక్కింట్లో, దోర్కా ఇంట్లో, రాయి మీద కొడవలి చప్పుడు వినబడింది. ఆమె బిడ్డ అయి ఉంటుంది. తర్వాత ఆ పక్క ఇంట్లో. తర్వాత ఎదురు వరసలో.

అమ్మ లేచింది. మేకుకు వేలాడుతున్న అన్న పాత చొక్కా తీసింది. తొడుక్కుంటుందనుకున్నాను. దాన్ని మంచం అంచు మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, నాలుగు మడతలు పెట్టి, అన్న పక్కన పెట్టింది. మోచేతుల దాకా ఆమె చేతుల మీద పాత గీతలు తెల్లగా కనబడుతున్నాయి.

"చేతులు గీరుకుంటయే అమ్మా," అన్నాడు అన్న. ఆ గొంతు చిన్నప్పటి అన్నది.

అమ్మ కొడవలి నడుముకు చెక్కుకుంది. చెంగు దోపుకుంది. అన్న వైపు చూడలేదు, నా వైపు కూడా చూడలేదు. తడి రాయిని కాలితో గోడ పక్కకు జరిపి, గడప దాటి వెళ్లిపోయింది.